సొంత ఆబ్జెక్ట్ భాషకు ఏ కాలిక్యులస్ పునాది? నాలుగు దారుల పోలిక

ఎంటెక్ ప్రాజెక్టుకో, బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుకో సొంత ప్రోగ్రామింగ్ భాష చేద్దామనుకునేవాళ్ళు సాధారణంగా పార్సర్‌తో మొదలుపెడతారు. క్లాస్‌కి ఒక కీవర్డ్ పెడతారు, ట్రీ కడతారు, ఇన్హెరిటెన్స్ చేరుస్తారు. సెమిస్టర్ సగం గడిచాక ఒక ప్రశ్న అడ్డం పడుతుంది: ఒక మెథడ్ తన ఆబ్జెక్టునే తిరిగి ఇస్తే, ఆ ఫలితం టైపు ఏమిటి? దానికి జవాబు పార్సర్‌లో దొరకదు. అప్పటికే రాసిన టైప్ చెకర్‌ని మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వస్తుంది.

అందుకే ముందు ఒక చిన్న ఆబ్జెక్ట్ కాలిక్యులస్‌ని ఎంచుకుని, దాని మీద భాషని కట్టడం మేలు. కాలిక్యులస్ అంటే ఇక్కడ నాలుగైదు రకాల ఎక్స్‌ప్రెషన్లు, వాటిని నడిపే నియమాలు, టైపు నియమాలు, అంతే. భాషలో మీరు పెట్టే ప్రతి సదుపాయమూ ఈ చిన్న భాషలోకి అనువాదం కావాలి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో గీతం యూనివర్సిటీలోనో ప్రాజెక్టుగా చేసేవారికీ, రుషికొండ కొండ మీద ఏదో కంపెనీలో సొంత స్క్రిప్టింగ్ భాష కట్టాల్సిన జట్టుకీ ఎంపిక ఒకటే కానక్కర్లేదు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది పైన చెప్పిన ప్రశ్నే. దాన్ని మన విశాఖ ఉదాహరణతో చూద్దాం. ఆర్కే బీచ్ నుంచి సింహాచలం వెళ్ళే బస్సు ఒక ఆబ్జెక్టు. అందులో ఖాళీ సీట్ల సంఖ్య ఉంది. ఎక్కు అనే మెథడ్ ఒక సీటు తగ్గించి బస్సుని తిరిగి ఇస్తుంది. ఏసీ బస్సు దాన్నుంచి వచ్చింది, దానికి చల్లదనం అనే మెథడ్ అదనం. ఇప్పుడు ఏసీబస్సు.ఎక్కు.చల్లదనం అని రాస్తే చెకర్ ఒప్పుకోవాలా? రాసేవాడు ఒప్పుకోవాలనే అనుకుంటాడు. ఏ కాలిక్యులస్ దీన్ని ఎంత ఖర్చుతో ఒప్పుకుంటుందో చూస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

రెండోది, ఆబ్జెక్టు పుట్టాక దాని మెథడ్‌ని మార్చనిస్తారా? మూడోది, సబ్‌టైపింగ్ (ఒక టైపు అడిగిన చోట ఇంకో టైపు ఆబ్జెక్టుని వాడనివ్వడం) పేరుని బట్టా, నిర్మాణాన్ని బట్టా? పేరుని బట్టి అయితే ఎర్రర్ మెసేజ్ ఒక ముక్కలో తేలిపోతుంది. నిర్మాణాన్ని బట్టి అయితే, పేర్లు గుర్తు పెట్టుకునే కోడ్ మీరు విడిగా రాసుకోకపోతే, టైపు మొత్తం విప్పి ఆరేడు లైన్లు ముద్రిస్తుంది. నాలుగోది రుజువు: ‘టైపు చెక్ దాటిన ప్రోగ్రాము నడుస్తూ ఇరుక్కుపోదు’ అని చూపించాలా, లేక ఇంటర్‌ప్రెటర్ నడిస్తే చాలా? థీసిస్ అయితే ఈ నాలుగోదే మీ క్యాలెండర్‌ని నిర్ణయిస్తుంది. ఈ ప్రశ్నలకి నాలుగు కాలిక్యులస్‌లు ఇచ్చే జవాబులు కింది పట్టికలో ఉన్నాయి. అందులోని కొత్త పదాల వివరణ ఆయా భాగాల్లో వస్తుంది.

| | సిగ్మా కాలిక్యులస్ | ఫెదర్‌వెయిట్ జావా | లాంబ్డా + రికార్డులు | డాట్ |
|---|---|---|---|---|
| మూల వస్తువు | ఆబ్జెక్టు | క్లాస్ | ఫంక్షన్, రికార్డు | టైపు సభ్యులున్న ఆబ్జెక్టు |
| సబ్‌టైపింగ్ | నిర్మాణం | పేరు | నిర్మాణం | రెండూ కుదురుతాయి |
| మెథడ్ అప్‌డేట్ | మూలంలోనే ఉంది | లేదు | విడిగా కట్టాలి | లేదు |
| ఎక్కు తర్వాత చల్లదనం | సెల్ఫ్ టైపు చేర్చాలి | ప్రతి సబ్‌క్లాస్‌లో మళ్ళీ రాయాలి | రో వేరియబుల్‌తో కుదురుతుంది | టైపు సభ్యుడితో కుదురుతుంది |
| చెకర్ రాయడం | మధ్యస్థం | తేలిక | టైపుల్ని చెకరే కనుక్కోవాలంటే (ఇన్ఫరెన్స్) కష్టం | చాలా కష్టం |
| ఒక సెమిస్టర్‌లో రుజువు | జాగ్రత్తగా చేస్తే అవుతుంది | అవుతుంది | ఆబ్జెక్టుని రికార్డులుగా రాసిన తీరుని బట్టి | వద్దు |

సిగ్మా కాలిక్యులస్

మార్టిన్ అబాడీ, లూకా కార్డెల్లి రూపొందించి 1996లో పుస్తకంగా తెచ్చినది ఇది. ఇందులో క్లాసులు లేవు, ఫంక్షన్లు కూడా లేవు. ఆబ్జెక్టు కట్టడం, మెథడ్ పిలవడం, మెథడ్ మార్చడం, అంతే. ఫీల్డ్ అంటే తన ఆబ్జెక్టుని వాడని మెథడ్.

```
బస్సు = [ ఖాళీ = సిగ్మా(స) 40,
          ఎక్కు = సిగ్మా(స) స.ఖాళీ := స.ఖాళీ - 1 ]
```

సిగ్మా(స)లో ‘స’ అంటే మెథడ్ పిలిచిన ఆబ్జెక్టు. పిలుపుకి నియమం ఒక్కటే: బస్సు.ఎక్కు అంటే ఎక్కు శరీరంలో ‘స’ ఉన్న ప్రతిచోటా బస్సుని పెట్టడం. అప్పుడు బస్సు.ఖాళీ := బస్సు.ఖాళీ - 1 వస్తుంది, దాన్నుంచి కొత్త ఆబ్జెక్టు పుడుతుంది. బస్సు.ఎక్కు.ఖాళీ అడిగితే 39.

ఇంటర్‌ప్రెటర్ రాసేటప్పుడు తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. ‘:=’ నిజానికి మెథడ్ అప్‌డేట్‌కి పొట్టి రూపం. దాన్ని విప్పేటప్పుడు కొత్త సిగ్మాకి మళ్ళీ ‘స’ అనే పేరే పెట్టారనుకోండి. అది సిగ్మా(స) స.ఖాళీ - 1 అవుతుంది. ఈ ‘స’ ఇప్పుడు పాత బస్సు కాదు, కొత్త బస్సు. ఖాళీ తెలుసుకోవడానికి ఖాళీనే పిలుస్తుంది, అది మళ్ళీ తననే పిలుస్తుంది, స్టాక్ నిండిపోయేదాకా ఆగదు. విప్పేటప్పుడు ఎక్కడా వాడని కొత్త పేరు పుట్టించడమే దీనికి మందు. ఇంకో చిన్న సంగతి: కుడివైపు విలువని ముందే లెక్కించకుండా అలాగే దాచుకుంటే, ముప్పైసార్లు ఎక్కు అన్నాక ముప్పై పొరల తీసివేత పేరుకుంటుంది. ఫలితం సరిగ్గానే వస్తుంది, మెమరీ మాత్రం వృథా. విలువలు మారే భాష కావాలంటే ఇదే కాలిక్యులస్‌కి ఇంపరేటివ్ రూపం ఉంది. అందులో క్లోన్ (ఆబ్జెక్టుని కాపీ చేయడం), లెట్ (విలువకి పేరు పెట్టడం) చేరతాయి, ప్రతి మెథడ్‌కీ స్టోర్‌లో, అంటే మెమరీలో, ఒక చోటు ఉంటుంది, అప్‌డేట్ ఆ చోటునే మారుస్తుంది.

క్లాస్ కావాలా? అదీ ఆబ్జెక్టే:

```
బస్సుక్లాస్ = [ కొత్త = సిగ్మా(క) [ ఖాళీ = సిగ్మా(స) క.ఖాళీ(స),
                                   ఎక్కు = సిగ్మా(స) క.ఎక్కు(స) ],
               ఖాళీ = లాంబ్డా(స) 40,
               ఎక్కు = లాంబ్డా(స) స.ఖాళీ := స.ఖాళీ - 1 ]
```

సబ్‌క్లాస్‌లో ఎక్కు = బస్సుక్లాస్.ఎక్కు అని రాస్తే అది ఇన్హెరిటెన్స్. బస్సుక్లాస్.ఎక్కు(స) అని పిలిస్తే అది సూపర్ కాల్. జావా నేర్చుకున్నప్పుడు మంత్రంలా అనిపించిన రెండు విషయాలు ఇక్కడ మామూలు పిలుపులుగా కనిపిస్తాయి. ఆబ్జెక్టు అంటే ఏమిటో లోతుగా అర్థం కావాలంటే దీన్ని మించిన దారి లేదు. లాంబ్డా అంటే పేరులేని ఫంక్షన్. ఫంక్షన్లు లేవని చెప్పి లాంబ్డాలు వాడామని కంగారుపడక్కర్లేదు, ఆర్గ్యుమెంట్‌కి ఒక లేబుల్, ఫలితానికి ఒక లేబుల్ ఉన్న ఆబ్జెక్టుగా ఫంక్షన్‌ని కూడా ఇందులోనే రాయవచ్చు.

టైపుల దగ్గరికి వస్తే ఖర్చు మొదలవుతుంది. ఎక్కువ మెథడ్లున్న ఆబ్జెక్టు, తక్కువ మెథడ్లున్నదానికి సబ్‌టైపు. అంతవరకు హాయి. కానీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మెథడ్ల టైపులు అచ్చం ఒకేలా ఉండాలి, సబ్‌టైపు అయితే చాలదు. ఎందుకో చూడండి:

```
డిపో = [ బండి = సిగ్మా(స) ఏసీబండి,
         చల్లబరుచు = సిగ్మా(స) స.బండి.చల్లదనం ]
```

ఏసీబస్సు అనేది బస్సుకి సబ్‌టైపు కదా అని, ఈ మద్దిలపాలెం డిపోని ‘బండి : బస్సు’ ఉన్న డిపోగా చూడనిచ్చామనుకోండి. అలా చూసినవాడు డిపో.బండి := మామూలుబండి అని రాయొచ్చు, అతనికి అది సరైన టైపే. ఆ తర్వాత చల్లబరుచు పిలిస్తే మామూలుబండిలో చల్లదనం దొరకదు, ప్రోగ్రాము ఇరుక్కుపోతుంది. చెకర్ మాత్రం అంతా బాగుందనే అంది. మార్చే వీలుండబట్టే ఈ ప్రమాదం. జావా అర్రేల్లో ఇదే రంధ్రం ఉంది. అక్కడ దాన్ని నడిచేటప్పుడు చెక్ చేసి, ఎక్సెప్షన్‌తో పట్టుకుంటారు.

పరిహారం, ప్రతి మెథడ్‌కీ ఒక గుర్తు: ‘చదవడానికే’ అన్నదైతే సబ్‌టైపు చాలు, ‘మార్చవచ్చు’ అన్నదైతే అచ్చం అదే టైపు కావాలి. ఎక్కుకి ‘చదవడానికే’ గుర్తు పెడితే ఏసీబస్సు బస్సుకి సబ్‌టైపు అవుతుంది. అయినా పని పూర్తికాదు. రికర్సివ్ టైపులతో (తన నిర్వచనంలో తననే వాడుకునే టైపులతో) రాసిన ఎక్కు ‘బస్సు’ని ఇస్తుంది కాబట్టి ఏసీబస్సు క్లాస్ ఆ మెథడ్‌ని యథాతథంగా తెచ్చుకోలేదు. దానికి సెల్ఫ్ టైపు కావాలి, అంటే ‘ఈ మెథడ్ ఉన్న ఆబ్జెక్టు ఏదైతే దాని టైపు’ అన్న టైపు వేరియబుల్. ఇది చేరిస్తే ఏసీబస్సు.ఎక్కు.చల్లదనం ఒక్క ఓవర్‌రైడ్ లేకుండా చెక్ దాటుతుంది.

ఒక హెచ్చరిక: సిగ్మా పక్కన టైపు రాయించడం మానేయకండి. సిగ్మా(స) అని వదిలేస్తే ఒకే ఆబ్జెక్టుకి ఒకదానికొకటి పొసగని రెండు టైపులు వస్తాయి, వాటిలో ఏది చిన్నదో తేలదు. చెకర్ దేన్ని ఎంచుకోవాలో తెలియక నిలబడిపోతుంది. సిగ్మా(స : బస్సు) అని రాయిస్తే ఆ చిక్కు ఉండదు.

ఫెదర్‌వెయిట్ జావా

ఇగరాషి, పియర్స్, వాడ్లర్ 1999లో ప్రకటించారు. పూర్తి వ్యాసం 2001లో వచ్చింది. జావాలోంచి దాదాపు అన్నీ తీసేసి ఐదు ఎక్స్‌ప్రెషన్లు మిగిల్చారు: వేరియబుల్, ఫీల్డ్ చదవడం, మెథడ్ పిలవడం, కొత్త ఆబ్జెక్టు, కాస్ట్ (ఆబ్జెక్టుని ఇంకో క్లాస్‌దిగా చూడమనడం). అసైన్‌మెంట్ లేదు, ఇంటర్‌ఫేసులు లేవు, ఓవర్‌లోడింగ్ లేదు, నల్ లేదు. పూర్ణాంకాలు కూడా మీరే చేర్చుకోవాలి.

ప్రాజెక్టు చేసేవారికి ఇది ఇచ్చే వరం ఒకటుంది, బయటికి పెద్దగా కనిపించదు. దీని టైపు నియమాల్లో ‘ఏ ఎక్స్‌ప్రెషన్‌నైనా ఎప్పుడైనా పెద్ద టైపుగా చూడొచ్చు’ అన్న స్వేచ్ఛా నియమం లేదు. సబ్‌టైపు పోలిక ఆర్గ్యుమెంట్ ఇచ్చే చోటా, కన్‌స్ట్రక్టర్ దగ్గరా, అలా నిర్ణీత స్థలాల్లోనే ఉంటుంది. కాబట్టి కాగితం మీది నియమాలని ఒక్కోటీ ఒక్కో ఫంక్షన్ కేసుగా యథాతథంగా కోడ్‌లోకి దింపుకోవచ్చు. ఎక్స్‌ప్రెషన్ల లోపల కొత్త వేరియబుల్‌ని పుట్టించేది ఏదీ లేదు కనుక, సిగ్మాలో మనం చూసిన పేర్ల చిక్కు ఇక్కడ రానే రాదు. రాక్ (పాత పేరు కాక్) లాంటి ప్రూఫ్ అసిస్టెంట్‌లో, అంటే రుజువుల్ని సరిచూసే సాఫ్ట్‌వేర్‌లో, రుజువు చేసేటప్పుడు ఈ ఒక్క గుణం వారాల పని తగ్గిస్తుంది.

కట్టే వరస ఇది. ముందు క్లాస్ టేబుల్. అందులో చుట్టు తిరిగే ఇన్హెరిటెన్స్ లేదని చెక్ చేయాలి, ఇది మొదటే చేయాలి. లేకపోతే ఒక క్లాస్ ఫీల్డులన్నీ సేకరించే ఫంక్షన్ తండ్రి దగ్గరికి, తండ్రి నుంచి మళ్ళీ బిడ్డ దగ్గరికి తిరుగుతూ ఉండిపోతుంది, ఎర్రర్ కూడా రాదు. తర్వాత మూడు సహాయక ఫంక్షన్లు: ఫీల్డుల జాబితా, మెథడ్ టైపు, మెథడ్ శరీరం. ఆ తర్వాతే చెకర్, ఆఖరున ఇంటర్‌ప్రెటర్. మెథడ్ పిలిచినప్పుడు దిస్ (this) అన్న పేరునీ, పారామీటర్లనీ వాటి విలువలతో ఒకేసారి మార్చాలి, ఒకదాని తర్వాత ఒకటి కాదు.

మన బస్సు ఇక్కడ ఎలా ఉంటుంది? అసైన్‌మెంట్ లేదు గనుక ఎక్కు శరీరం new బదులు తెలుగులో రాస్తే ‘కొత్త బస్సు(దిస్.ఖాళీ - 1)’. ఏసీ బస్సు మీద దాన్ని పిలిస్తే వచ్చేది మామూలు బస్సే, టైపులోనే కాదు, నిజంగానే. దాన్ని ఏసీబస్సుగా కాస్ట్ చేస్తే చెకర్ ఒప్పుకుంటుంది, నడిచేటప్పుడు పడిపోతుంది. కాబట్టి ఏసీబస్సు క్లాస్‌లో ఎక్కుని మళ్ళీ రాయాలి. అక్కడ ఇంకో గోడ: అసలు కాలిక్యులస్‌లో ఓవర్‌రైడ్ చేసిన మెథడ్‌కి అచ్చం తండ్రి సంతకమే ఉండాలి. తిరిగి ఇచ్చే టైపు సబ్‌టైపు కావచ్చని ఓవర్‌రైడ్ నియమాన్ని సడలించుకోండి. ఇది సురక్షితమైన మార్పు, జావా కూడా 5వ వెర్షన్‌లో ఇదే చేసింది. పారామీటర్ టైపుల్ని మాత్రం అలా చిన్నవి చేయనివ్వకండి, టైపు భద్రత పోతుంది.

రుజువు రాసేవారు కాస్ట్ దగ్గర తడబడతారు. సంబంధం లేని రెండు క్లాసుల మధ్య కాస్ట్‌ని చెకర్ తిప్పికొట్టాలి కదా అనిపిస్తుంది. కానీ బస్సుని మొదట ఆబ్జెక్ట్ క్లాస్‌గా, తర్వాత పడవగా కాస్ట్ చేసిన సరైన ప్రోగ్రాము ఒక అడుగు నడిచాక బస్సుని నేరుగా పడవగా కాస్ట్ చేసే ఎక్స్‌ప్రెషన్‌గా మారుతుంది. అందుకే దానికి విడిగా ఒక టైపు నియమం పెట్టి, హెచ్చరికతో ఒప్పుకున్నారు. ఆ నియమం మరిచిపోతే ‘అడుగు వేసినా టైపు నిలుస్తుంది’ అన్న సిద్ధాంతం రుజువు కాదు.

లాంబ్డా మీద రికార్డులు

చేతిలో ఇప్పటికే ఒక ఫంక్షనల్ భాష ఉంటే, అంటే లాంబ్డా, రికార్డులు, రిఫరెన్సులు పనిచేస్తుంటే, ఇదే దగ్గర దారి. క్లాస్ అంటే ‘తన ఆబ్జెక్టు’ని తీసుకుని మెథడ్ల రికార్డుని ఇచ్చే ఫంక్షన్. ఆ ఫంక్షన్ ఫిక్స్‌పాయింటే, అంటే ఫంక్షన్‌కి ఇస్తే ఫలితంగా మళ్ళీ అదే వచ్చే రికార్డే, ఆబ్జెక్టు. ఈ చూపు 1980ల్లో కార్డెల్లి, కుక్ వంటివారి పనిలోంచి వచ్చింది.

ఫంక్షన్‌ని పిలవకముందే ఆర్గ్యుమెంట్లు లెక్కించే భాషలో ఫిక్స్‌పాయింట్ ఆబ్జెక్టు పుట్టేలోపే అంతులేకుండా తిరుగుతుంది. ‘తన’ని వెంటనే లెక్కించకుండా ఖాళీ ఫంక్షన్ వెనక దాచాలి. అప్పుడు మెథడ్ పిలిచిన ప్రతిసారీ మెథడ్ల రికార్డు మళ్ళీ కట్టుకుంటుంది, నెమ్మది. బదులుగా ఒక రిఫరెన్స్‌లో ముందు డమ్మీ పెట్టి, రికార్డు కట్టాక అసలుది పెడితే వేగం వస్తుంది. అయితే కన్‌స్ట్రక్టర్ నడుస్తుండగానే ఎవరైనా మెథడ్ పిలిస్తే డమ్మీ చేతికొస్తుంది.

ఇక్కడే తెలుసుకోవాల్సిన గొప్ప విషయం 1990లో కుక్, హిల్, కానింగ్ చెప్పారు: ఇన్హెరిటెన్స్, సబ్‌టైపింగ్ ఒకటి కావు. తనలాంటి ఇంకో ఆబ్జెక్టుని ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే మెథడ్, ఉదాహరణకి సమానమా(ఇంకోబస్సు), ఉన్న క్లాస్ నుంచి వారసత్వం తీసుకోవచ్చు, ఫలితం మాత్రం సబ్‌టైపు కాకపోవచ్చు. ఓకామ్ల్ (OCaml) అనే ఫంక్షనల్ భాష ఈ రెండింటినీ నిజంగానే విడదీసింది. రో వేరియబుల్ (మిగతా మెథడ్లన్నిటి స్థానంలో నిలిచే టైపు వేరియబుల్) వల్ల ‘ఖాళీ ఉండాలి, మిగతావి ఏవైనా సరే’ అని టైపు తనంతట తనే వస్తుంది. తనని కాపీ చేసి ఒక ఫీల్డ్ మార్చే ప్రత్యేక రూపం కూడా అందులో ఉంది. దానితో రాసిన ఎక్కు ఏసీ బస్సుకి ఏసీ బస్సునే ఇస్తుంది. సబ్‌టైపుగా చూడాలంటే మాత్రం ప్రోగ్రామరే స్పష్టంగా రాయాలి.

డాట్

డాట్ అంటే డిపెండెంట్ ఆబ్జెక్ట్ టైప్స్. స్కాలా భాషకి పునాదిగా ప్రతిపాదించిన కాలిక్యులస్ ఇది. ఆబ్జెక్టులో మెథడ్లతోపాటు టైపులు కూడా సభ్యులుగా ఉంటాయి. ప్రతిపాదన 2012లో వచ్చింది, పూర్తి స్థాయి రుజువులు 2016లో. మధ్యలో అన్నేళ్ళు పట్టడానికి కారణం ఒకటి: టైపు సభ్యుడికి కింది హద్దుగా అతి పెద్ద టైపునీ, పై హద్దుగా అతి చిన్న టైపునీ ఎవరైనా ఇస్తే, ఆ సభ్యుడి మీదుగా ఏ టైపైనా ఏ టైపుకైనా సబ్‌టైపు అయిపోతుంది. అలాంటి ఆబ్జెక్టు నిజంగా పుట్టడం సాధ్యం కాదని చూపించడమే రుజువులో బరువైన భాగం. ఈ కుటుంబంలోని చిన్న కాలిక్యులస్ ఒకదానిలోనే సబ్‌టైపింగ్ నిర్ణయించలేనిదని 2020లో తేలింది, అంటే ప్రతి ప్రోగ్రాముకీ ఆగి జవాబిచ్చే చెకర్ ఎవరూ రాయలేరు.

నల్ చేర్చాలనుకునేవారు 2016లోనే నాదా అమిన్, రాస్ టేట్ చూపిన సంగతి గుర్తుంచుకోవాలి: జావా, స్కాలా టైపు వ్యవస్థల్లో, నిజానికి పుట్టకూడని టైపు సాక్ష్యం (ఒక టైపు సంబంధం నిజమని చూపే ఆబ్జెక్టు) స్థానంలో నల్ కూర్చుని భద్రతని విరిచేస్తుంది. పరిశోధన లక్ష్యం మాడ్యూళ్ళూ టైపు సభ్యులే అయితేనే డాట్‌కి వెళ్ళండి.

ఎవరికి ఏది

నలుగురు కలిసి ఒక సెమిస్టర్‌లో పూర్తిచేసి, డెమో చూపించాల్సిన బీటెక్ జట్టుకి ఫెదర్‌వెయిట్ జావా. వెనుకాడకండి. పూర్ణాంకాలు, బూలియన్, షరతు చేర్చుకుంటే సరిపోతుంది. షరతులో రెండు కొమ్మల టైపులు వేరైతే వాటికి అతి దగ్గరి ఉమ్మడి తండ్రిని వెతకాలి. క్లాసులు మాత్రమే ఉన్నంతకాలం అది ఒక్కటే ఉంటుంది, ఇంటర్‌ఫేసులు చేర్చిన రోజున ఒకటికన్నా ఎక్కువ దొరకొచ్చు. కాబట్టి ఇంటర్‌ఫేసుల్ని చివరికి పెట్టుకోండి.

ఎంటెక్ థీసిస్‌లో కొత్త టైపు నియమం ఏదైనా ప్రతిపాదించదలిస్తే, ఆ నియమం ఆబ్జెక్టు స్వభావం గురించైతే సిగ్మా, క్లాసుల గురించైతే ఫెదర్‌వెయిట్. రుజువుకి దిగేముందు పీఎల్‌టీ రెడెక్స్ అనే, భాషా నియమాల్ని నడిపి చూసే సాధనంలో నియమాలు దింపి యాదృచ్ఛిక ప్రోగ్రాములతో పరీక్షించండి. డిపో ఉదాహరణ లాంటి రంధ్రం రుజువు మధ్యలో దొరికితే నెల పోతుంది, రెడెక్స్‌లో దొరికితే సాయంత్రం పోతుంది.

కంపెనీలో చిన్న స్క్రిప్టింగ్ భాష, వాడేవాళ్ళు జావాస్క్రిప్ట్ అలవాటున్నవాళ్ళు, ఆబ్జెక్టుకి అప్పటికప్పుడు మెథడ్ మార్చుకోవాలి. అలాంటి చోట ఇంపరేటివ్ సిగ్మా సహజంగా అమరుతుంది. టైపులు తర్వాత చేర్చుకున్నా ఫరవాలేదు, కానీ ఏ ఫీల్డు మారుతుందో ఏది మారదో తెలిపే గుర్తుకి సింటాక్స్‌లో మొదటిరోజే చోటు ఉంచండి. అది తర్వాత చేరిస్తే, అప్పటికి రాసిన స్క్రిప్టులన్నీ దిద్దాలి.

తెలుగు పేర్లు పెట్టేవారికి

తెలుగు పేర్లని అనుమతించే భాష అయితే, ఒక లేబుల్ ఇంకో లేబుల్‌తో సమానమా అన్న పరీక్షని లెక్సర్‌లోనే (ప్రోగ్రాముని పదాలుగా విడగొట్టే భాగంలోనే) పదిలం చేయాలి. ఆబ్జెక్టులో లేబుల్స్ అన్నీ వేర్వేరన్న షరతు మీదే ఈ కాలిక్యులస్‌లు నిలుస్తాయి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, ఎత్వం మీద ఐత్వపు కింది గుర్తు కలిపి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెరమీద ‘బైకు’ రెండూ ఒకేలా కనిపిస్తాయి, స్ట్రింగ్ పోలికలో వేరు. ‘బస్‌పాస్’ లాంటి పేరులో పొల్లు తర్వాత కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది. ఒకచోట అది ఉండి ఇంకోచోట లేకపోతే అక్షరాల రూపు మారుతుంది, కానీ పేరు చివర పొల్లు తర్వాత మిగిలిపోయినప్పుడు కంటికి ఏమీ తెలియదు. ఫైలు చదవగానే ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ ప్రామాణిక రూపానికి మార్చండి, ఐత్వం సర్దుకుంటుంది. నాన్ జాయినర్‌ని ఎన్‌ఎఫ్‌సీ తీసెయ్యదు. పదం చివర అది ఉంటే లెక్సర్ తీసెయ్యాలి, మధ్యలో ఉంటే పేరులో భాగంగా ఉంచాలి. లేకపోతే ‘మెథడ్ దొరకలేదు’ అన్న ఎర్రర్ కింద, కళ్ళెదుటే అదే పేరుతో మెథడ్ కనిపిస్తూ ఉంటుంది.

ఏ దారి ఎంచుకున్నా మొదటి వారంలోనే నాలుగు చిన్న ప్రోగ్రాములు రాసి పక్కన పెట్టుకోండి: ఏసీబస్సు.ఎక్కు.చల్లదనం, మద్దిలపాలెం డిపోలో బండి మార్పు, రెండు బస్సుల సమానమా పోలిక, తనకి తనే తండ్రి అయిన క్లాస్. వీటిలో ఏది చెకర్ దాటాలో, ఏది ఆగాలో, ఏ మెసేజ్‌తో ఆగాలో కాగితం మీద రాయండి. చెకర్‌లో ప్రతి మార్పు తర్వాతా ఈ నాలుగూ నడపండి.